నలభై రోజులు చేసి నలభై ఒకటో రోజు ఆగిపోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నడకబాకీ
ఒక్క రోజు కూడా తప్పకుండా నలభై రోజులు నడిచాను. యాప్‌లో పెరిగే అంకె చూసుకుని తెగ మురిసిపోయేవాణ్ణి. నలభై ఒకటో రోజు జ్వరమొచ్చింది. రాత్రి యాప్ తెరిస్తే పెద్ద సున్నా. రెండు రోజులకి జ్వరం పోయింది గానీ మళ్లీ బూట్లు తొడగలేదు. ఇప్పటికి మూడు నెలలు. 21 రోజులు చేస్తే అలవాటైపోతుందన్నారు, నేను దానికి దాదాపు రెట్టింపు చేశాను. మరి తేడా ఎక్కడ కొట్టింది? ఏడాది దాటి నిలబడిన అలవాటు మీకేదైనా ఉంటే ఏం చేశారో చెప్పండి. నీతులు వద్దు.

పాతకాపు
ముందు ఆ 21ని పక్కన పెట్టు తమ్ముడూ. 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాసిన సంగతది. ఆపరేషన్ తర్వాత మారిన ముఖానికి మనిషి అలవాటు పడాలంటే కనీసం 21 రోజులు పడుతోందన్నాడు. నోళ్లు మారేసరికి 'కనీసం' ఊడిపోయింది, ముఖం కాస్తా అలవాటైంది. నిజంగా కొలిచింది లండన్‌లో ఫిలిపా లాలీ బృందం. 96 మందిని 84 రోజులు గమనించి 2010లో అచ్చువేశారు. అలవాటు కుదరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కానీ ఒకరికి 18 చాలితే, ఇంకొకరికి 254 పట్టొచ్చని అంచనా కట్టారు. నీకు పనికొచ్చే ముక్క ఇంకోటుంది. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పడటానికి పెద్ద నష్టమేమీ కనిపించలేదు. నిన్ను ఆపింది జ్వరం కాదు, ఆ సున్నా.

మోకాలిచిప్ప
నేను ఫిజియోథెరపిస్టుని. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకి ఇచ్చే మొదటి వ్యాయామం చాలా తేలిక. టవల్ చుట్ట చుట్టి మోకాలి కింద పెట్టుకుని, కాలితో దాన్ని కిందికి నొక్కి ఐదు సెకన్లు ఆపాలి, అంతే. 'రోజూ చేస్తానండీ' అని వెళ్లినవాళ్లలో చాలామంది తర్వాతి వారం నా కళ్లలోకి చూడరు. 'పొద్దున పళ్లు తోముకుని వచ్చి, మంచమెక్కగానే పది' అన్నవాళ్లు చేసుకొస్తారు. ఒకావిడైతే ఆ టవల్ చుట్టని దిండు మీదే పెట్టుకునేది. దాన్ని తీయందే తల వాల్చడానికి లేదు! ఎప్పుడు, ఎక్కడ, దేని తర్వాత అని ముందే ముడి వేసుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుందని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త 1999లో రాశాడు. నేను మాత్రం ఆ టవల్ చూసి నేర్చుకున్నాను.

మొండిఘటం
ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ, లక్ష్యం ఇంత చిన్నదైతే ఎలా? లాక్, లేథమ్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు దశాబ్దాల పాటు తేల్చింది వేరు కదా. 'శాయశక్తులా చేయండి' అన్నదానికన్నా స్పష్టమైన, కష్టమైన లక్ష్యమే ఎక్కువ పని చేయిస్తుందని.

మోకాలిచిప్ప
నిజమే, కానీ చేసే సత్తా ఉన్నవాళ్లకి, ఆ లక్ష్యం మీద గట్టిగా నిలబడ్డవాళ్లకి అని కూడా వాళ్లే అన్నారు. ఇంకా చేతకాని పనిలో అంకె పెట్టుకుంటే బెడిసికొట్టొచ్చు, ముందు నేర్చుకోవడమే లక్ష్యంగా పెట్టుకోవాలి. మోకాలు వంగనివాణ్ణి మెట్లెక్కమంటే ఎక్కుతాడా?

చుక్కలనాన్న
బహుమతుల విషయంలో నా బోల్తా చెప్తాను. మా అమ్మాయికి పుస్తకానికో స్టిక్కర్, పది స్టిక్కర్లకో బొమ్మ అన్నాను. రెండు వారాలు జోరే జోరు. తర్వాత చూస్తే అన్నీ పలచటి పుస్తకాలే లాగుతోంది. ఓ రోజు లావుపాటిది చేతికిస్తే అటూ ఇటూ తిప్పి, 'దీనికి ఎన్ని స్టిక్కర్లు నాన్నా?' అంది. స్టిక్కర్లు ఆపేశాను, చదవడమూ ఆగింది. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ నర్సరీ పిల్లల మీద చేసిన ప్రయోగంలోనూ ఇదే తంతు. బొమ్మలు గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే ఆశపెట్టిన పిల్లలు, తర్వాత ఖాళీ సమయంలో మిగతావాళ్లలో సగం సేపే గీశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్లలో ఆ తగ్గుదల లేదు. మాకు మళ్లీ దారిలో పడటానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు పడుకునే ముందు పక్కన కూర్చుని ఆ కథలో ఏం జరిగిందో అడుగుతాను, అంతే.

నల్లబల్ల
బహుమతో మెచ్చుకోలో ఇచ్చి, చేసిన పని మళ్లీ చేసేలా బలపరచడం ఉంది చూశారా, టీచర్ ట్రైనింగులో దీన్ని పునర్బలనం అని బట్టీ పట్టించారు, అర్థం మాత్రం క్లాసులో దిగాకే తెలిసింది. ఒక చిన్న సవరణ, ఎవరూ అడగకపోయినా. రుణ పునర్బలనం అంటే శిక్ష కాదు! సీటు బెల్టు పెట్టుకోగానే ఆ కుయ్‌కుయ్ ఆగుతుంది చూడండి, అది. ఇబ్బంది తొలగి, చేసిన పని బలపడుతుంది. శిక్ష పనిని తగ్గిస్తుంది.
ఇక అసలు సంగతి. ప్రతిసారీ మెచ్చుకుంటే పిల్లలు త్వరగా నేర్చుకుంటారు, కానీ మెచ్చుకోలు ఆగగానే పనీ ఆగుతుంది. అప్పుడప్పుడూ, ఎప్పుడో తెలియకుండా ఇస్తే చాలాకాలం నిలుస్తుంది. ఫెర్‌స్టర్, స్కిన్నర్ అనే మనస్తత్వవేత్తలు 1957లో దీని మీద లావుపాటి గ్రంథమే వేశారు. అందుకే నేను మొదటి రెండు వారాలు హోంవర్క్ తెచ్చిన ప్రతి నోటుబుక్కులో ఓ మాట రాస్తాను, తర్వాత మెల్లగా ఎడం పెంచుతాను. ఒక్కసారిగా ఆపేయడమే చుక్కలనాన్న గారు చేసిన పొరపాటని నా ఉద్దేశం.

చుక్కలనాన్న
అయ్యుండొచ్చండీ. అప్పుడు కోపంలో ఆపేశాను లెండి.

మొండిఘటం
పిల్లలకి సరే, మనకి మనం ఇచ్చుకునేదాని మాటేంటి? 'అరగంట వ్యాయామం చేస్తేనే ఒక ఎపిసోడ్' అని పెట్టుకున్నాను. మూడో రోజు ఎపిసోడ్ ముందు చూసి, వ్యాయామం అప్పు పెట్టాను. ఇచ్చేదీ నేనే, పుచ్చుకునేదీ నేనే, ఇక దొంగ ఎవడు?

పాతకాపు
హహ. ఆ బహుమతిని పని లోపలే ఇరికించు. కేథరిన్ మిల్క్‌మన్ వాళ్లు 2014లో వేసిన ప్రయోగంలో, వదలబుద్ధికాని ఆడియో నవలలున్న ఐపాడ్‌ని జిమ్‌లోనే ఉంచారు. వినాలంటే అక్కడికే పోవాలి. మొదట్లో రాకపోకలు బాగా పెరిగాయి. తర్వాత పట్టు సడలుతూ వచ్చింది, మధ్యలో సెలవులొచ్చాక మరీ. నడకబాకీ జ్వరం లాంటిదే అది కూడా. విరామం తర్వాత మొదటి రోజు ఏం చేయాలో ముందే అనుకోకపోతే ఏ కిటుకూ కాపాడదు.

నడకబాకీ
పది రోజుల తర్వాత వస్తున్నాను. యాప్ తీసేశాను. పళ్లు తోముకోగానే బూట్లు, గేటు దాకా. అక్కణ్ణుంచి ముందుకెళ్లాలా వెనక్కి రావాలా అన్నది గేటు దగ్గరే తేల్చుకుంటాను. చాలా రోజులు ముందుకే వెళ్లాను. ఒక రోజు మానేశాను, మర్నాడు మాత్రం వెళ్లాను. నిన్న వాన, గేటు తాకి వచ్చేశాను. దాన్నీ లెక్కలో వేసుకున్నాను.

మొండిఘటం
గేటు తాకితే అది నడకేనా?

నడకబాకీ
కాదులే అన్నా. అయినా బూట్లు తడిశాయి, ఇంకా ఆరలేదు. ఇవాళ చెప్పులతో వెళ్లాను.