సలికాలం ఇంట్ల బొగ్గుల కుంపటా, రూమ్ హీటరా? మా ఇంట్ల రోజు లొల్లే

నల్గొండ కోడలు:
మాది స్లాబ్ ఇల్లు, కింద షాబాద్ బండలు. డిసెంబర్ల పొద్దుగాల కాలు కింద పెడితే ఇగం నెత్తికెక్కుతది. ఇద్దరు పిల్లలు, అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు. మా ఆయన హీటర్ కొందామంటడు. అత్తమ్మేమో హీటర్ గాలికి గొంతు ఎండుతది, కుంపట్ల బొగ్గులేసి రాత్రి మంచం పక్కన పెట్టుకుంటే సాలు, మా అమ్మగారింట్ల గట్లనే పెట్టేటోళ్ళు అంటది. ఏది మంచిదో జర చెప్పుండ్రి.

పాలమూరు పోరడు:
అత్తమ్మ మాటే రైటక్కా. 2000 వాట్ల హీటర్ గంటకు 2 యూనిట్లు తాగుతది, రోజు మూడు గంటలేసినా నెలకు 180, ఫ్రిజ్జు మోటరు కలుపుకుంటే 200 దాటుడే. దాటిందా, 200 యూనిట్ల లోపు వాడితే సర్కారిచ్చే గృహజ్యోతి జీరో బిల్లు పాయె, పైన దాటిన యూనిట్లకే కాదు మొత్తం కట్టాలె. మా బాపు పోయిన జనవరిల బిల్లు చూసి హీటర్‌ను అటకెక్కించిండు, ఇప్పటిదాంక దిగలే.

సూర్యాపేట వదిన:
బిల్లు సంగతి ఒప్పుకుంట తమ్మీ, గానీ మంచం పక్కన కుంపటి అనంగనే నాకు గుండె జల్లుమన్నది. ఎనకట గూనపెంకల ఇండ్లు, పెంకల సందుల నుంచి గాలి ఆడేది, అందుకే మనోళ్ళకు ఏం కాలే. ఇప్పుడు స్లాబు, అద్దాల కిటికీలు, తలుపు కింద పాత చీర కుక్కుతం, ఇగ గాలి యాడికెళ్ళి వస్తది? బొగ్గుకు కార్బన్ మోనాక్సైడ్ వస్తది, దానికి వాసన లేదు రంగు లేదు, పొగ లేదు కదా అని పడుకుంటే పడుకున్నట్టే పోతరు. నేను ఒకపారి బాలింత గదిల పెట్టి తలనొప్పి, వాంతులైనంక తలుపు తీసి బయటవడ్డ.

పాలమూరు పోరడు:
కిటికీ తీసి పెట్టుకుంటే ఏమైతది? అయితే సలి వస్తది, ఇగ కుంపటెందుకు అంటవా 😀

సూర్యాపేట వదిన:
నువ్వే అన్నవ్. కుంపటి వాకిట్ల పెట్టుండ్రి, సాయంత్రం అందరు చుట్టు కూసోని అనపకాయలు ఉడకబెట్టుకోని తినుండ్రి, హీటరేస్తే ఎవల ఫోన్ వాళ్ళు పట్టుకోని ఒక్క రూంల ముడుసుకుంటరు, అదేం ఇల్లు? హీటర్ వద్దంటలే, పిల్లల తానాలప్పుడు అరగంట ఏసి బంద్ చెయ్యుండ్రి. అత్తమ్మ కాళ్ళ కింద కురుమోళ్ళ గొంగడి పరువుండ్రి, బండల ఇగం పైకి రానియ్యదు. ఇంకోటి, సలికాలం పొద్దు దక్షిణం దిక్కుకు వాలుతది, ఆ దిక్కు కిటికీ పగలు తీసి పెడితే ఎండ లోపలిదాంక వస్తది, పొద్దు గూకకముందే మూసెయ్యాలె.

నల్గొండ కోడలు:
దక్షిణం కిటికీకి వాస్తు అని బీరువా అడ్డం పెట్టినం వదినా, ఆదివారం మా ఆయనతోని జరిపిస్త. అత్తమ్మకు మీ మెసేజ్ సదివి ఇనిపించిన. గొంగడి కుచ్చుకుంటదట. ఇప్పుడే కుంపటి కడిగి ఎండల పెట్టింది, వాకిట్లకా గదిలకా అంటే చెప్తలేదు.