‘స్కాల్డ్’ అన్న మాటను తెలుగులో ఎలా చెప్పాలి?

ప్రశ్న (విజయవాడ నుంచి):
ప్రథమ చికిత్స కరపత్రం ఒకదాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తున్నాను. అందులో ‘బర్న్స్ అండ్ స్కాల్డ్స్’ అని జంటగా వస్తోంది. రెండింటికీ ‘కాలిన గాయాలు’ అని రాస్తే చెప్పిందే చెప్పినట్టవుతోంది. ఇదే మాట ఒక వంటల పుస్తకంలో పాల విషయంలోనూ కనిపించి నన్ను మరింత తికమక పెట్టింది.

జవాబు 1 (గుంటూరు నుంచి):
నిప్పు, పెనం, ఇస్త్రీపెట్టె వంటి పొడి వేడికి కాలితే బర్న్. మరిగే నీళ్ళకో, నూనెకో, ఆవిరికో కాలితే స్కాల్డ్. మనకు రెండింటికీ క్రియ ఒకటే కాబట్టి, దేనివల్ల కాలిందో ముందు చెప్పి తేడా చూపిస్తాం. మొన్న గంజి వారుస్తుంటే సిబ్బి జారి, నా మణికట్టు మీద చుర్రుమని పడింది. క్షణాల్లో ఎర్రబడి, సాయంత్రానికి ఉసిరికాయంత బొబ్బ లేచింది. ఇంట్లో అందరూ ‘గంజి పడి కాలింది’ అన్నారే తప్ప వేరే మాట ఎవరికీ అవసరపడలేదు. ఇంకు, టూత్‌పేస్టు పూయకుండా కుళాయి నీళ్ళ కింద 20 నిమిషాలు ఉంచాలన్న సంగతి మాత్రం కరపత్రంలో తప్పక రాయండి.

జవాబు 2:
పాల విషయంలో ‘కాచిన పాలు’ అని రాస్తే పొరపాటవుతుంది, ఎందుకంటే మనం పొంగు వచ్చేదాకా కాస్తాం. అక్కడి అర్థం, గిన్నె అంచున చిన్న బుడగలు కట్టగానే, అంటే సుమారు 82 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పొంగకముందే దించడం. ఈకలు పీకడానికి కోడిని వేడినీళ్ళలో ముంచడాన్నీ ఇదే మాటతో చెబుతారు. దీని మూలమైన లాటిన్ క్రియకు వేడినీళ్ళతో కడగడమని అర్థం కాబట్టి, గాయం కన్నా నీళ్ళే ఈ మాటకు అసలు పునాది అని నా అభిప్రాయం.

జవాబు 3:
అయితే నీళ్ళతో పనిలేని వాడుకా ఒకటుంది. ఆకుల నీడ తగ్గి, మిరపకాయకు ఎండ నేరుగా తగిలిన వైపు తెల్లబడి కాగితంలా పలచనైతే దాన్ని ‘సన్‌స్కాల్డ్’ అంటారు. తెలుగులో ‘ఎండదెబ్బ’ అంటే ఏ రైతుకైనా అర్థమవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలండీ. శీర్షికను ‘నిప్పుకు కాలినా, వేడినీళ్ళకు కాలినా’ అని మార్చాను. ఆవిరినీ నూనెనూ కింది వాక్యంలో చేర్చాను.