తెల్లవారుజామున సూర్యలంక, పగలు క్రిస్మస్ బట్టలు: ఒక్క రోజులో వీలవుతుందా?

ప్రశ్న (గుంటూరు, అరండల్‌పేట)

క్రిస్మస్‌కు ముందు వచ్చే శనివారం మా ఇద్దరికీ సెలవు కలిసివచ్చింది. నాకు సముద్రతీరాన్ని ఫొటోలు తీయడం ఎంతో ఇష్టం. మావారికేమో ఆ రోజే మా అత్తమామలకు, ఆడపడుచు పిల్లలకు బట్టలు, ఇంటికి నక్షత్రం, పశువుల పాకలో పెట్టే బొమ్మలు కొనే పని ఉంది. ఉదయం బాపట్ల దగ్గరి సూర్యలంక తీరానికి వెళ్లి, మధ్యాహ్నానికి తిరిగి వచ్చి పట్నంబజారులో కొనుగోళ్లు చేయాలా, లేక అవి ముందే ముగించుకొని సాయంత్రపు వెలుతురుకు సముద్రం దగ్గరికి చేరాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాము. ఉప్పుగాలికి కెమెరా పాడవుతుందేమోనన్న భయమూ ఉంది. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (బాపట్ల)

అమ్మా, ముందు సముద్రానికే వెళ్లండి. దుకాణాలు రాత్రి దాకా తెరిచే ఉంటాయి, ఉదయపు రంగులు మాత్రం అరగంట కూడా నిలవవు. డిసెంబరు చివరలో మన వైపు సూర్యోదయం సుమారు 6.35కు అవుతుంది కాని, ఆకాశం ఎర్రబడేది అంతకు ముందే కాబట్టి 6 గంటలకల్లా ఇసుక మీద ఉండాలి. గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల సుమారు 50 కిలోమీటర్లు, అక్కడి నుంచి తీరం మరో 9. కోతలైన వరిపొలాల మీద ఈ నెలలో మంచు దట్టంగా దిగుతుంది, అందువల్ల 4.30కే బయలుదేరి నిదానంగా రండి.

ఈ కాలంలో సూర్యుడు ఆగ్నేయంగా, సముద్రం మీదనే పైకి వస్తాడు. అల వెనక్కి మళ్లిన రెండు మూడు క్షణాలే తడి ఇసుకలో ఆకాశపు రంగు కనిపిస్తుంది. షట్టర్ వేగాన్ని, అంటే కెమెరాలోకి వెలుతురు పడే వ్యవధిని, అర సెకను దగ్గర ఉంచి, అల తిరుగుముఖం పట్టగానే నొక్కితే నురుగు పొడుగాటి చారలుగా వస్తుంది. ట్రైపాడ్ కాళ్లను ముందే ఇసుకలోకి గట్టిగా దించండి, లేకపోతే ఫొటో మధ్యలోనే దిగబడతాయి. ఒక హెచ్చరిక: సూర్యలంకలో వైమానిక దళ స్థావరం ఉంది, ఆ వైపు కెమెరా తిప్పకూడదు, డ్రోన్ ఆలోచనే వద్దు.

సమాధానం (విజయవాడ, పటమట)

కెమెరా గురించి భయపడనక్కరలేదు, జాగ్రత్త చాలు. ఒడ్డున లెన్స్ మార్చకండి. అద్దం మీద ఇసుక పడితే గుడ్డతో తుడవకుండా ముందు బ్లోయర్‌తో (నొక్కితే గాలి వదిలే రబ్బరు బుడ్డితో) ఊది, ఆ తర్వాతే కొంచెం తడిచేసిన మెత్తని గుడ్డ వాడండి. ఏసీ కారులోంచి తీసిన వెంటనే లెన్స్ మీద ఆవిరి పడుతుంది కనుక, దిగాక సంచిలోనే పావుగంట ఉంచండి. ట్రైపాడ్‌ను ఇంటికి రాగానే మంచినీటితో కడగాలి.

దీనికంటే ముఖ్యమైన మాట మీవారి గురించి. ఆయనను సంచి మోయడానికి కాదు, అలలను కనిపెట్టడానికి పక్కన నిలబెట్టుకోండి. వ్యూఫైండర్‌కు, అంటే కెమెరాలో చూసే కిటికీకి, కన్ను ఆనించినవారికి పక్కనుంచి వచ్చే అల కనబడదు. సూర్యలంకలో స్నానానికి దిగి కొట్టుకుపోయినవారున్నారు, కాబట్టి మోకాలి లోతు కూడా దిగవద్దు. వల లాగే మత్స్యకారులను తీయదలిస్తే ముందు పలకరించి, వారు సరేనన్నాకే తీయండి.

సమాధానం (చీరాల)

బట్టల కోసం గుంటూరు తిరిగి వెళ్లడం ఎందుకండీ? బాపట్లలో ఇడ్లీ తిని బయలుదేరితే చీరాల సుమారు 15 కిలోమీటర్లే, దుకాణాలు తెరిచే వేళకు చేరతారు. మీ అత్తగారికి చేనేత చీర, మామగారికి పంచె ఇక్కడ తీరిగ్గా చూసుకోవచ్చు. అయితే పండగ వారంలో దర్జీలు కొత్త బట్ట పట్టరు, కనుక పిల్లలకు రెడీమేడే మేలు, కొలతలు ఇంటి దగ్గరే రాసుకురండి. కాగితపు నక్షత్రం, బొమ్మలు మాత్రం ఇంటికి చేరాక గుంటూరులోనే కొనండి, కారులో నలిగిపోతాయి.

మధ్యాహ్నం 3 గంటలకు పని ముగిస్తే మా సముద్రతీరం వాడరేవు దగ్గరే. సూర్యుడు నైరుతి వైపు, తీరం వెంబడే దిగుతాడు కాబట్టి వెలుతురు పడవల మీద పక్కనుంచి పడుతుంది. ఓపిక ఉంటేనే సుమండీ.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. సూర్యలంక, తర్వాత చీరాల అని ఖాయం చేసుకున్నాము, నక్షత్రం ఆదివారం ఆరాధన అయ్యాక కొంటాము. అలలను కనిపెట్టే బాధ్యతకు మావారు సంతోషంగా ఒప్పుకున్నారు. పిల్లల కొలతల కోసం ఆడపడుచుకు ఈ రాత్రే ఫోన్ చేస్తాను.