అప్‌డేట్: పులుసు చట్ల మీద పెచ్చులు లేవడం – కారణం దొరికింది

ఆవం (కుండలు కాల్చే బట్టీ) నుంచి తీసినప్పుడు బాగున్న చట్లకు పది రోజుల్లో పెచ్చులు లేచి, గుంట మధ్యలో తెల్ల చుక్క కనపడుతోందని అడిగాను. సున్నమే అన్నవాళ్ల మాట నిజమైంది. అందరికీ ధన్యవాదాలు.

మట్టి కావలి దగ్గరి చెరువుది. సిరామిక్స్ తెలిసిన ఒకాయన ఎండిన మట్టిగడ్డ మీద వెనిగర్ చుక్కలు వేసి చూశారు. నత్తగుల్లల ముక్కలున్న చోటల్లా నురగ పొంగింది. ఆ ముక్కలు ఆవంలో కాలి సున్నమవుతాయి, తర్వాత గాలిలో తేమ పీల్చి ఉబ్బి పైపొరను నెట్టేస్తాయి. అందుకే పెచ్చు ఆలస్యంగా లేస్తుంది.

పనిచేసింది ఇది: మట్టిని పూర్తిగా ఎండబెట్టి, నీళ్లలో నానేసి, పలచగా కలిపి 80 మెష్ (అంగుళానికి 80 కన్నాలుండే) జల్లెడలో వడకట్టడం. తడిమట్టిని నానేస్తే సరిగా విడిపోదు, ఎండితేనే ఇట్టే కరుగుతుంది. ఈ మట్టితో కాల్చిన 40 చట్లలో ఆరు వారాలైనా ఒక్కదానికీ పెచ్చు లేవలేదు. చేత్తో ఏరడం చాలదు, ఆవగింజంత ముక్క చాలు పాడుచేయడానికి.

గోరువెచ్చగా ఉండగానే చట్లను నీళ్లలో ముంచమన్న సలహా సగమే పనిచేసింది. సన్న గుల్ల ముక్కలున్న చట్లు నిలిచాయి, పెద్ద ముక్కలున్నవి ఆగలేదు.

కట్టె మార్చడం, ఇసుక పెంచడం, నీడలో ఎక్కువ రోజులు ఆరబెట్టడం దీనికి సంబంధం లేనివి. ఆరేటప్పుడు వచ్చే పగుళ్లకైతే చివరి రెండూ చేయాల్సిందే.