అల్బేనియన్లు ఇల్లీరియన్ల వారసులేనా? మధ్యలో ఖాళీగా ఉన్న 900 ఏళ్ల సంగతేంటి?

ప్రశ్న (చరిత్ర_పాఠకుడు)

క్రీ.శ. 2వ శతాబ్దంలో భూగోళవేత్త టాలెమీ నేటి అల్బేనియా ప్రాంతంలో అల్బనోయి అనే తెగనూ, అల్బనోపోలిస్ అనే ఊరినీ పేర్కొన్నాడు. మళ్లీ అలాంటి పేరు కనబడేది 11వ శతాబ్దపు బైజాంటైన్ రాతల్లో, ముఖ్యంగా మిఖాయెల్ అత్తలియాటిస్ చరిత్రలో. మధ్యలో దాదాపు 900 ఏళ్లు చప్పుడే లేదు. అయినా చాలామంది అల్బేనియన్లను ఇల్లీరియన్ల (పశ్చిమ బాల్కన్లలోని ప్రాచీన జనం) వారసులని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. ఏ ఆధారంతో? కాకసస్ ప్రాంతపు అల్బేనియాతో వీళ్లకేమైనా సంబంధం ఉందా?

జవాబు 1 (భాషాశోధి)

కాకసస్ సంగతి ముందు చెప్పేస్తాను: ఏ సంబంధమూ లేదు. అది ఇప్పటి అజర్‌బైజాన్ వైపు ఉన్న పాత రాజ్యం, దాని భాషకు దగ్గర చుట్టం నేటి ఉది భాష. అది ఇండో-యూరోపియన్ కుటుంబానికి చెందిందే కాదు. పేర్లు కలిశాయంతే.

ఇల్లీరియన్ల విషయంలో అసలు చిక్కు ఏమిటంటే, వాళ్ల భాషలో ఒక్క వాక్యం కూడా మనదాకా రాలేదు. గ్రీకు, లాటిన్ రాతల్లో చిక్కిన మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, నాలుగైదు మాటలు, అంతే. దక్షిణ ఇటలీలో దొరికిన మెస్సాపిక్ శాసనాలను దానికి బదులుగా వాడేవాళ్లున్నారు. కానీ మెస్సాపిక్, ఇల్లీరియన్ దగ్గరి చుట్టాలని ముందు రుజువు కావాలి కదా. అందుకే ప్రశ్నను కాస్త మార్చుకోవాలి: అల్బేనియన్ భాషకు పూర్వరూపం మాట్లాడినవాళ్లు ఎప్పుడు, ఎవరి పక్కన బతికారు? దీనికి అరువు మాటలు బాగానే జవాబిస్తాయి.

అడుగున పాత గ్రీకు మాటలు కొన్నే ఉన్నాయి: లాకర్ (క్యాబేజీ), మోకర్ (తిరగలి రాయి). వాటి మీద లాటిన్ మాటలు వందల కొద్దీ: మిక్ (స్నేహితుడు, లాటిన్ అమీకుస్), పెష్క్ (చేప, పిస్కిస్), మ్‌బ్రెత్ (రాజు, ఇంపెరాతోర్). ఆ పైన స్లావ్ మాటలు.

ఇప్పుడు కాలం పట్టే పద్ధతి. అల్బేనియా మధ్యగా పారే ష్కుంబిన్ నదికి ఉత్తరాన గెగ్ మాండలికం, దక్షిణాన టోస్క్. అచ్చుల మధ్య ఒంటిగా ఉన్న 'న' టోస్క్‌లో 'ర' అయింది, గెగ్‌లో 'న'గానే నిలిచింది. దేశం పాత పేరే చూడండి: గెగ్‌లో అర్బన్, టోస్క్‌లో అర్బర్. గ్రీకు, లాటిన్ నుంచి వచ్చిన మాటల్లో ఈ మార్పు కనిపిస్తుంది. స్లావ్ మాటల్లో సాధారణంగా కనిపించదు. అంటే 6, 7 శతాబ్దాల్లో స్లావులు బాల్కన్లలో స్థిరపడి, వాళ్ల మాటలు విస్తారంగా చేరేనాటికే ఈ మార్పు ముగిసింది. మీరు ఖాళీ అంటున్న కాలం తొలి సగంలోనే ఈ భాషకు రెండు మాండలికాలున్నాయన్నమాట.

చాలామంది తడబడేది ఇక్కడే: టోస్క్ మాటలో 'ర' కనబడగానే మార్పు జరిగిందనుకుంటారు. గెగ్ రూపం పక్కన పెట్టి చూడనిదే ఏమీ చెప్పలేం. మోతర్‌లో (అక్క, చెల్లి) రెండింటా 'ర'నే, ఎందుకంటే అది మూలం నుంచీ వచ్చిన 'ర'. మన 'మాతృ'కు అది సోదర పదం, అర్థం మాత్రం మారింది.

జవాబు 2 (బాల్కన్_పటం)

కాలం గురించి పై జవాబుతో ఏకీభవిస్తాను. చోటు దగ్గరే అసలు పేచీ. రుమేనియన్‌తో కలిసే పాత మాటలు చూడండి: అల్బేనియన్ వాతర్, రుమేనియన్ వాత్ర (పొయ్యి), బ్రెద్, బ్రాద్ (ఫర్ చెట్టు). లాటిన్‌తో సంబంధం లేని ఈ మాటల్లో చెట్టుచేమలవీ, పశుపోషణవీ చాలా ఉన్నాయి. రెండు భాషల పూర్వీకులు ఒకప్పుడు ఇరుగుపొరుగున ఉండి ఉండాలి. అందుకే కొందరు ఇల్లీరియన్ల అడ్రియాటిక్ తీరాన్ని వదిలి, లోపలి దార్దానియా వైపు, అంటే నేటి కొసోవో, నిష్ ప్రాంతం వైపు చూస్తారు. బల్గేరియన్ భాషావేత్త వ్లాదిమిర్ జార్జియెవ్ ఇంకా తూర్పుకు వెళ్లి, మూలం డాకో-మోసియన్ (దిగువ డాన్యూబ్ వైపు పాత భాష) అన్నాడు.

'చేపకు కూడా లాటిన్ మాటే, కాబట్టి వీళ్లు తీరవాసులు కారు' అనే వాదన నాకు బలహీనంగా అనిపిస్తుంది. కొండలెక్కి మందలు కాచుకున్నవాళ్లు కొన్ని తరాల్లో సముద్రపు మాటలు పోగొట్టుకోవడం వింతేమీ కాదు.

ఊరి పేర్లతో వాదించేటప్పుడు జాగ్రత్త. స్కోద్రా నుంచి ష్కోదర్, నైస్సుస్ నుంచి నిష్: 'స' 'ష'గా మారడం అల్బేనియన్ ధ్వనిసూత్రానికి సరిపోతుందని అంటారు. అయితే పేరు స్లావ్ నోటిగుండా వచ్చిందేమో ప్రతి పేరుకూ విడిగా పరీక్షించాలి. నిష్ మీద పండితుల తగువు ఇంకా సాగుతూనే ఉంది.

ప్రశ్న (చరిత్ర_పాఠకుడు)

ధన్యవాదాలండీ. మరి డీఎన్ఏ ఈ తగువు తీర్చదా? రాతపూర్వక ఆధారాలు ఎక్కడి నుంచి గట్టిగా మొదలవుతాయి?

జవాబు 3 (భాషాశోధి)

డీఎన్ఏ సగమే తీరుస్తుంది. అల్బేనియన్ మగవాళ్లలో బాగా కనిపించే జె2బి-ఎల్283 అనే పితృవంశం కాంస్యయుగపు డాల్మేషియా (నేటి క్రొయేషియా తీరం) అస్థికల్లో దొరికింది. జనంలో పాత బాల్కన్ రక్తం గట్టిగా ఉందని అది చెబుతుంది. కానీ ఆ మనిషి ఏ భాష మాట్లాడాడో ఎముక చెప్పదు, పైగా అదే వంశం ఇరుగుపొరుగు జనాల్లోనూ ఉంది.

రాతల వరస ఇది: సుమారు 1190లో క్రూయా కేంద్రంగా ప్రోగోన్ పాలించిన అర్బనోన్ సంస్థానం. 1285లో దుబ్రోవ్నిక్‌లో ఒక నేర విచారణ: కొండమీద ఎవరో అల్బేనియన్ భాషలో అరవడం విన్నానని సాక్షి చెప్పాడు, ఆ భాష ప్రస్తావన మనకు తెలిసినంతలో అదే మొదటిది. 1462లో దుర్రెస్ ఆర్చిబిషప్ పాల్ ఎంగెల్లి లాటిన్ లేఖలో అల్బేనియన్‌లో రాసిన ఒక్క వాక్యపు బాప్తిస్మ సూత్రం. 1555లో గ్యోన్ బుజుకు అచ్చు వేయించిన అల్బేనియన్ ప్రార్థన పుస్తకం 'మెషారి', ఇప్పుడు మిగిలింది ఒకే ప్రతి, వాటికన్ గ్రంథాలయంలో.

పేరు గురించి ఒక మాట. నేడు వాళ్లు తమను 'ష్కిప్తార్' అనుకుంటారు. 15వ శతాబ్దం నుంచి ఒట్టోమన్ దాడులప్పుడు దక్షిణ ఇటలీకి తరలిన శాఖ మాత్రం ఇప్పటికీ 'అర్బరెష్' అనే పాత పేరుతోనే ఉంది. అంటే 'ష్కిప్తార్' స్వదేశంలో వ్యాపించింది ఆ వలసల తర్వాతే. పాత పత్రాల్లో వెతికేటప్పుడు ఆ పేరు పెట్టుకుని వెతికితే పెద్దగా ఏమీ చిక్కదు. అర్బన్, అల్బన్ రూపాలే చూడాలి.