అక్టోబర్ చివర్లో స్కాఫెల్ పైక్: టెంట్ తీసుకెళ్ళొచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. నేను మాంచెస్టర్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. అక్టోబర్ చివరి శనివారం ముగ్గురం ఫ్రెండ్స్ స్కాఫెల్ పైక్ ఎక్కి, పైనే టెంట్‌లో పడుకుని, ఆదివారం మధ్యాహ్నం దిగుదామనుకుంటున్నాం. ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా ఎత్తైనదే అయినా 978 మీటర్లేగా! అలిపిరి నుంచి తిరుమల మూడుసార్లు నడిచి ఎక్కాం. జీన్స్, స్పోర్ట్స్ షూ, హుడీలు, చిన్న టెంట్ ఉన్నాయి. ఇంకేం కావాలి? టెంట్‌కి ఎవర్ని అడగాలి?

జవాబు:
తమ్ముడూ, తొమ్మిదేళ్ళుగా ఈ ఫెల్స్ ఎక్కుతున్నాను (ఇక్కడి కొండల్ని అలాగే అంటారు). 3,550 మెట్లు ఎక్కినవాళ్ళకి కాళ్ళలో బలం ఉంటుంది, అందులో సందేహం లేదు. కానీ తిరుమలలో దారి తప్పడం ఉండదు. ఇక్కడ శిఖరం దగ్గర అంతా బండరాళ్ళే, దారి సరిగ్గా కనిపించదు. మబ్బు దిగిందంటే పది అడుగుల అవతల ఏముందో తెలియదు.

ముందు జీన్స్ మానేయండి. తడిస్తే ఆరవు, ఒంట్లో వేడంతా లాగేస్తాయి. ఎక్కడం మొదలుపెట్టే సీత్‌వైట్ ఊళ్ళో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. ఇంగ్లండ్‌లో జనం ఉండే ఊళ్ళలో అంత వాన ఇంకెక్కడా లేదు. పైగా ప్రతి 100 మీటర్లకూ అర డిగ్రీకి పైనే చలి పెరుగుతుంది, గాలి వేరే. వాటర్‌ప్రూఫ్ జాకెట్, ప్యాంటు, పట్టున్న బూట్లు, గ్లవ్స్, టోపీ, మనిషికో హెడ్ టార్చ్ తప్పనిసరి. అక్టోబర్ చివరి ఆదివారం తెల్లవారుజామున గడియారాలు గంట వెనక్కి జరుపుతారు, సాయంత్రం ఐదు లోపే సూర్యుడు అస్తమిస్తాడు. రానూపోనూ ఏడెనిమిది గంటల నడక. మధ్యాహ్నం దిగడం మొదలుపెడితే సగం దారిలో చీకటి పడొచ్చు.

నా అనుభవం ఒకటి చెప్తాను. మొదటి ఏడాది స్కాఫెల్ పైక్ నుంచి కారిడార్ రూట్ అనే దారిలో దిగుతూ మబ్బులో దారి వదిలేశాను. నీళ్ళ వెంట దిగితే ఊరు వస్తుందని మన దగ్గర అంటారు కదా, అదే నమ్మి వాగు పక్కనే దిగాను. అది పియర్స్ గిల్. రెండువైపులా గోడల్లాంటి రాళ్ళు, కింద జారుడు. ఇంకాస్త దిగుంటే వెనక్కి ఎక్కలేకపోయేవాణ్ణి. గంట పట్టింది మళ్ళీ దారి మీదకి రావడానికి. ఆ వాగు ఎక్కడుందో మ్యాప్‌లో ముందే గుర్తు పెట్టుకోండి.

టెంట్ సంగతి: నైరుతి ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్‌లో కొన్ని భాగాలు తప్పితే, ఇంగ్లండ్‌లో స్థలం యజమాని అనుమతి లేకుండా టెంట్ వేసే హక్కు లేదు. స్కాఫెల్ పైక్ ఉన్న లేక్ డిస్ట్రిక్ట్‌లో కొండ మీది చివరి రాతిగోడకు పైన, ఒక్క రాత్రి, ఇద్దరు ముగ్గురు నిశ్శబ్దంగా ఉంటే చాలావరకు చూసీచూడనట్టు వదిలేస్తారు. సాయంత్రం ఆలస్యంగా వేసి, పొద్దున్నే తీసేయాలి. మంట అస్సలు వద్దు, చెత్త మొత్తం మీతోనే దిగాలి. అయినా మొదటిసారే పైన వద్దు. సీత్‌వైట్ ఉన్న బారోడేల్ లోయలో క్యాంప్‌సైట్లున్నాయి. కొన్ని చలికాలానికి మూసేస్తారు, ముందే ఫోన్ చేయండి.

ప్రశ్న:
థాంక్స్ అన్నా. దారికి ఫోన్ మ్యాప్ చాలదా?

ఇంకొకరి జవాబు:
చాలదు నాన్నా. చలికి బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది, లోయల్లో సిగ్నల్ ఉండదు. ఆర్డ్‌నెన్స్ సర్వే 1:25,000 కాగితపు మ్యాప్, కంపాస్ కొనుక్కుని, వాడటం ఇంటి దగ్గరే నేర్చుకోండి. ప్రమాదమైతే 999కి ఫోన్ చేసి ముందు పోలీస్ అనండి, తర్వాత మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పండి. వాళ్ళు వాలంటీర్లు, డబ్బు అడగరు. ఇవాళే 999కి 'రిజిస్టర్' అని ఇంగ్లిష్‌లో మెసేజ్ పెట్టుకుంటే, కాల్ వెళ్ళని చోట మెసేజ్‌తో సాయం అడగొచ్చు. విజిల్ అయితే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్ళీ ఊదాలి.

తిండికి పులిహోర కట్టుకెళ్ళండి, చల్లారినా బాగుంటుంది.

మొదటి జవాబు ఇచ్చినవారు:
అక్క చెప్పినవన్నీ చేయండి. శనివారం కెస్విక్ దగ్గర క్యాట్‌బెల్స్ ఎక్కి చూడండి, 451 మీటర్లే, చుట్టూ చూపు ఆనినంత మేర సరస్సు, కొండలు. శుక్రవారం సాయంత్రం మెట్ ఆఫీస్ వాళ్ళ కొండల వాతావరణ సూచన చూసుకోండి. ఆదివారం పైన గాలి గంటకి 40 మైళ్ళు దాటేట్టుంటే స్కాఫెల్ పైక్ ఇంకో వారానికి మార్చుకోండి.