లీడ్స్‌లో అటక గది చలి: అమలాపురం తమ్ముడికి మనవాళ్ల జవాబులు

అమలాపురం, ఇప్పుడు లీడ్స్:
అందరికీ నమస్కారమండి. సెప్టెంబరులో వచ్చాం. నేను, మా ఆవిడ, నాలుగేళ్ల పాప. అద్దెకి దొరికింది విక్టోరియా కాలం నాటి వరస ఇల్లు. అటకని గదిగా మార్చారు, పాప మంచం అక్కడే వేశాం. రాత్రి హీటర్ ఆపిన అరగంటకే గది గడ్డకట్టినట్టు అయిపోతోంది. పొద్దున లేచి చూస్తే వాలు కప్పు మూలల్లో తడి, కిటికీ పక్కన నల్ల బూజు. షాపులో గ్లాస్ ఊల్ (చలి ఆపడానికి వేసే గాజు పీచు) చుట్టలు చూశాను. ఎంత మందం కొనాలి, ఎన్ని కొనాలి? ఈ ఆదివారం నేనే వేసేద్దామనుకుంటున్నాను.

రావులపాలెం, ఇప్పుడు లెస్టర్:
270 మిల్లీమీటర్లు తమ్ముడూ, తగ్గొద్దు. దూలాల మధ్య 100, దాని మీద అడ్డంగా 170. మా ఇంటికి రెండు ఆదివారాల్లో వేసేశాను. మాస్కు, చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా వేసుకో, లేకపోతే దురదతో నిద్రపట్టదు. నీళ్ల ట్యాంకు ఉంటే దాని కింద మాత్రం వెయ్యకు, కింది వేడి తగలక నీళ్లు గడ్డకడతాయి. గబ్బిలాలు కనబడితే పని ఆపెయ్. ఇక్కడ వాటి గూటి జోలికి వెళ్తే చట్టప్రకారం నేరం.

పాలకొల్లు (21 ఏళ్లు బ్రాడ్‌ఫర్డ్‌లో ఉండి తిరిగొచ్చాను):
రావులపాలెం గారూ, మీరు చెప్పింది సామాన్లు పెట్టుకునే ఖాళీ అటకకండి. ఈ అబ్బాయి అడిగింది పాప పడుకునే గది గురించి. అక్కడ చలి వాలు కప్పులోంచి, పక్కనున్న పొట్టి గోడల వెనక చూరు దగ్గర్నుంచి వస్తుంది. వాలులో 270 ఎలా ఇముడుతుంది? ఆ కాలం ఇళ్లలో వాసం లోతు మూడు నాలుగు అంగుళాలు. అందులో పైకప్పు స్లేటు పలకల కింద 50 మిల్లీమీటర్లు గాలి ఆడే సందు వదిలెయ్యాలి. ఇక మిగిలేదెంత? అందుకే అక్కడ ఫోమ్ బోర్డు వాడతారు, వాసాల మధ్య కొంత, వాసాల కింద ఇంకొంత. ఊల్‌తో పోలిస్తే ఇంచుమించు సగం మందంతోనే అదే పని చేస్తుంది. నర్సాపురంలో రొయ్యల్ని ఐసు వేసి పంపే థర్మాకోల్ పెట్టె చూశావు కదా బాబూ, ఐసు దిమ్మని ఊకలో పూడ్చడం చూశావు కదా. రెండింట్లోనూ పని చేసేది లోపల కదలకుండా చిక్కుకున్న గాలే.

ఆ సందు గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను వదల్లేదు. బ్రాడ్‌ఫర్డ్‌లో ఇల్లు కొన్న ఏడాదే ఊల్‌ని పలకలకి ఆనేదాకా కుక్కేశాను. ఫిబ్రవరిలో టార్చి వేసి చూస్తే లోపలికి పొడుచుకొచ్చిన ప్రతి మేకు కొసనా ఒక నీటిబొట్టు. ఊల్ తడిసిన వరిగడ్డిలా బరువెక్కి ఉంది. మూడో ఏడు వాసం కొసని స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే తాటిముంజెలో దిగినట్టు దిగింది. మన ఊపిరి, వంట ఆవిరి, స్నానం ఆవిరి అంతా పైకెళ్లి చల్లటి పలక కింద నీరవుతుంది. మన పెంకుటిళ్లలో పెంకుల సందుల్లోంచి గాలి ఆడుతుంది కాబట్టి అటక మీద కొబ్బరికాయలు నెలల తరబడి ఉన్నా ఏమీ కావు. కాబట్టి గదివైపు ఆవిరిని ఆపే పొర ఉండాలి, అతుకులన్నీ టేపు వెయ్యాలి. పలకవైపు గాలి ఆడాలి.

తణుకు, ఇప్పుడు స్లౌ:
తమ్ముడూ, నువ్వు అద్దెకుంటున్నావు. ఆ చుట్టలు కొనకు. నేను కొన్నాను, అందుకే చెబుతున్నా.

మేము 2004లో అటక ఉన్న ఇంట్లో దిగాం. బాబు పుట్టిన మూడో నెల. బూజు వచ్చింది. ఏజెంటుకి నాలుగుసార్లు ఫోన్ చేశాను. "మీరు బట్టలు ఇంట్లో ఆరేస్తున్నారు, వంట ఆవిరి ఎక్కువ" అన్నాడు. పిల్లాడి దగ్గు చూడలేక మా వారు, వాళ్ల స్నేహితుడు కలిసి పొట్టి గోడ చెక్క విప్పి లోపల ఊల్ వేశారు. గది కొంచెం నయమైంది. ఖాళీ చేసేటప్పుడు ఓనరు వచ్చి, అనుమతి లేకుండా గోడ విప్పారన్నాడు, బూజు మీవల్లే అన్నాడు. 650 పౌండ్ల అడ్వాన్సులో 70 చేతిలో పెట్టాడు. నా దగ్గర ఒక్క కాగితం లేదు, అన్నీ ఫోన్‌లో చెప్పినవే. ఆ రోజు బస్టాపులో పిల్లాణ్ణి ఎత్తుకుని ఏడ్చాను. ఓనరు ఇష్టమొచ్చినట్టు అడ్వాన్సు కోసుకోకుండా కాపాడే రక్షణ పథకం 2007 ఏప్రిల్‌లో వచ్చింది, మాకు అందలేదు.

నీకుంది. నువ్వు అడ్వాన్సు ఇచ్చిన 30 రోజుల్లో ఓనరు దాన్ని పథకంలో పెట్టి నీకు వివరాలివ్వాలి. ఈ రాత్రే బూజు ఫోటోలు తీసి, తేదీతో ఈమెయిల్ రాయి. ఫోన్ చెయ్యకు, రాయి. ఆ గదిని పడకగదిగా మార్చినప్పుడు కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్ సర్టిఫికెట్ (కట్టడం నిబంధనల ప్రకారమే ఉందనే కాగితం) తీసుకున్నారా అని కూడా అడుగు. అటకలో పడుకునేవాళ్లకి మంట వస్తే దిగే దారి ఉండాలి. పొగ అలారం ప్రతి అంతస్తులో ఉండాలి.

రావులపాలెం, ఇప్పుడు లెస్టర్:
అక్కయ్యగారు చెప్పింది నిజమే. ఇంకొకటి, ఇల్లు కరెంటు, గ్యాసు ఎంత తింటుందో గ్రేడు వేసి చెప్పే ఎనర్జీ సర్టిఫికెట్ చూడు, ఆన్‌లైన్‌లో ఉచితం. 'E' గ్రేడు కంటే తక్కువైతే అద్దెకివ్వకూడదు, 2020లో పెట్టారు.

తణుకు, ఇప్పుడు స్లౌ:
2020 కాదండి. కొత్త అద్దెలకి 2018 ఏప్రిల్ నుంచే ఉంది. 2020లో పాత అద్దెలకీ వర్తించింది. మినహాయింపు నమోదు చేసుకున్న ఓనర్లూ ఉంటారు, అదీ చూసుకోవాలి.

భీమవరం, ఇప్పుడు రీడింగ్:
ఇన్ని తంటాలెందుకు? ఓనర్ని పలకల అడుగున స్ప్రే ఫోమ్ (గొట్టంతో కొడితే ఉబ్బి గట్టిపడే నురగ) కొట్టించమనండి. ఒక్క రోజు పని. మా పక్కింట్లో కొట్టించారు, వెచ్చగా ఉంది.

పాలకొల్లు:
దయచేసి ఆ మాట చెప్పకండి. పలకల అడుగుకి ఫోమ్ అంటుకున్నాక వాసం పుచ్చిందో లేదో చూసే దారి ఉండదు. ఆ ఇళ్లు కొనడానికి కొన్ని బ్యాంకులు లోను ఇవ్వడం లేదు. మీ పక్కింటివాళ్లు అమ్మేటప్పుడు తెలుస్తుంది.

భీమవరం, ఇప్పుడు రీడింగ్:
అన్ని ఫోములూ ఒకటి కావండి. గాలి ఆడే రకం ఉంది.

పాలకొల్లు:
ఉంది. ఇల్లు అమ్మేటప్పుడు పరీక్షించే సర్వేయరు అటకెక్కినప్పుడు ఆ తేడా నిరూపించాల్సింది ఇంటివాళ్లేనండి. కాగితాలు లేకపోతే కష్టం.

ఎండ సంగతీ చెప్పాలి. 2022 జులై 19న ఇంగ్లండ్‌లో కోనింగ్స్‌బీ దగ్గర 40.3 డిగ్రీలు కొట్టింది. ఆ వారం నా స్నేహితుల పిల్లలెవరూ అటకల్లో పడుకోలేకపోయారు. చలి ఆపే బోర్డే ఎండనీ ఆపుతుంది. ఇక్కడ మా అమ్మ గది పెంకులు తీసి స్లాబు వేశాం, మే నెలలో అర్ధరాత్రి దాకా కప్పు సెగలు కక్కుతుంటే ఆవిడ అరుగు మీద పడుకుంటోంది. ఆ పెంకులు తీయించినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

బాబూ, ఓనరు జవాబిచ్చేదాకా పాప మంచం వాలు కప్పుకి దూరంగా లోపలి గోడవైపు జరుపు. కుదిరితే కిందికి దించెయ్. పొట్టి గోడలో చిన్న తలుపుంటే తెరిచి చెయ్యి పెట్టి చూడు.

అమలాపురం, ఇప్పుడు లీడ్స్:
అందరికీ చాలా థాంక్సండి. తలుపు తెరిచాను. ఈదురుగాలి ముఖానికి కొట్టింది. గోడ వెనక అతికించిన పాత ఊల్ జారి కింద కుప్పపడి ఉంది, గోడ చెక్క మీద ఏమీ లేదు. ఫోటోలు తీసి ఓనరుకీ ఏజెంటుకీ ఈమెయిల్ పెట్టాను, తణుకు అక్కయ్యగారు చెప్పినవన్నీ అడిగాను. అడ్వాన్సు పథకంలో ఉందని కాగితం దొరికింది. పాప రాత్రి మా గదిలోనే పడుకుంది. ఏజెంటు రెండు వారాల్లో జవాబివ్వకపోతే కౌన్సిల్‌లో ఎవరికి రాయాలండి?

తణుకు, ఇప్పుడు స్లౌ:
కౌన్సిల్లో అద్దె ఇళ్లు చూసే విభాగం ఉంటుంది. 2004 హౌసింగ్ చట్టం కింద అతి చలి, చెమ్మ రెండూ ప్రమాదాల లెక్కలోకి వస్తాయి. వాళ్లే వచ్చి చూస్తారు. నీ ఈమెయిల్ కాపీ జత చెయ్యి. పాప ఎలా ఉంది?